సలోమి వంతు

నేను ఒక పేము కుర్చీని. కాళ్లూ చేతులూ టేకువి, అల్లిక పేముది. మిషన్ బంగళా దొరసాని తను కూర్చుని చదువుకోవడానికి నన్ను చేయించుకుంది. స్వదేశం వెళ్లిపోతూ మిషన్ గుడికిచ్చేసింది. కోతపండుగ నాడు కానుకలుగా వచ్చిన గుమ్మడికాయల పక్కన, కోడిపుంజు పక్కన నిలబెట్టి నన్ను వేలం వేశారు. పరంజ్యోతి మాస్టారు పాడుకున్నారు. పోటీ నాకన్నా పుంజుకే ఎక్కువ నడిచింది.

మాస్టారింట్లో రోజూ దీపాలవేళ కుటుంబ ప్రార్థన. అందరూ గుండ్రంగా కూర్చుని వంతులవారీగా ప్రార్థించేవారు. కూతురు సలోమి నాలో కూర్చునేది. పదిహేనో ఏట ఆ పిల్లకు మూర్ఛలు మొదలయ్యాయి. అపవిత్రాత్మ అన్నారు మాస్టారు. సంఘంలో ఆయన మాటకు తిరుగులేదు. పిల్లను నాకు కట్టేసి, నుదుట నూనె రాసి, ఉపవాస ప్రార్థనలు పెట్టారు. దయ్యానికి బలం వస్తుందని పిల్లకూ అన్నం మాన్పించారు. కట్టడానికి పాత చీర తెచ్చిచ్చింది తల్లి దీనమ్మే. ఒక మధ్యాహ్నం వచ్చిన మూర్ఛ ఇక వదల్లేదు. కట్లు విప్పేసరికి పిల్లలో ప్రాణం లేదు.

ఆ తర్వాత నాలో ఎవరూ కూర్చోలేదు, నన్ను పారేయనూ లేదు. ప్రార్థనలో సలోమి వంతు వచ్చినప్పుడు అందరూ కాసేపు ఊరుకునేవారు, తర్వాత పక్కవాళ్లు అందుకునేవారు. ఎండకు నా టేకు చిటుక్కుమంటే సలోమి కదిలిందని వీధంతా చెప్పుకున్నారు. కుండకు మూకుడుంటుంది గానీ లోకం నోటికి ఉండదు. దయ్యాన్ని వెళ్లగొట్టిన ఇంటికే దయ్యాల కొంప అని పేరొచ్చింది. నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. చెక్కను కాబట్టి అనుకున్నాను. ఆ ఇంట్లో మనుషులూ అలాగే ఉండేవారు.

మొన్న ఆదివారం గుడి నుంచి రాగానే మాస్టారి కొడుకు సుందరం కూతురు కెజియా గడపలో పడిపోయింది. సలోమికి వచ్చినట్టే నోట నురగ, కాళ్లు కొట్టుకోవడమూ అదే. ఇప్పుడు ముసలివారైన మాస్టారు నూనె సీసా తీశారు.

"పిల్లని ఆ కుర్చీలో కూర్చోబెట్టరా సుందరం. ప్రార్థన చేద్దాం."

సుందరం తండ్రి మాట జవదాటనివాడు. పిల్లను ఎత్తుకుని నా వైపు వచ్చాడు. ఈలోగా దీనమ్మ వంటింట్లోంచి వచ్చి, తడిచేతులైనా తుడుచుకోకుండా నాలో కూర్చుంది.

"ఏందే ఇది? లెగు," అన్నారు మాస్టారు.

"నేను లెగవనండి. ఒరే సుందరం, ఆటో పిలవరా. పిల్లని ఆసుపత్రికి తీసకపో."

"అది జబ్బు కాదే..."

"జబ్బేనండి. సలోమిది కూడా జబ్బే. చీర తెచ్చిచ్చేటప్పుడే నాకు తెలుసు."

సుందరం పిల్లతో గుమ్మం దాటి వెళ్లిపోయాడు. పొద్దుగూకేదాకా ఆవిడ నాలోంచి లేవలేదు. అప్పుడు ఫోను మోగింది. కొడుకు చెప్పిందంతా విని పెట్టేసింది.

"ఏమన్నాడు డాక్టరు?"

"రోజూ మాత్రలేస్తే రాకుండా ఉంటయ్యంట."

"మాత్రలా?" అన్నారు మాస్టారు. మళ్లీ అడిగారు. "ఉత్త మాత్రలేనా?"

"మాత్రలేనండి," అంది దీనమ్మ.