మడిచిన మూల

కుట్లు పచ్చిగా ఉన్నాయి, ఆమెను మెట్లెక్కొద్దన్నాడు డాక్టరు, ఆయనకేం తెలుసు, మూడో అంతస్తులో పెద్దసారు బల్ల మీద తన ఫైలు ఉందని, దాని కుడివైపు పైమూల మడిచి ఉందని, మడిచింది తన వేలేనని, పదకొండేళ్లుగా ఈ బీమా ఆఫీసులో ఆమె పని అదే, ఏడో పేజీ తిప్పడం, అక్కడి రక్తపరీక్షలో హెచ్ఐవీ కనబడితే బొటనవేలి గోటితో అట్ట మూల మడవడం, నోటితో అనక్కర్లేదు, పెన్నుతో రాయక్కర్లేదు, మడత చూస్తే చాలు పెద్దసారు తెరవకుండానే బీమా వర్తించదని ముద్ర కొట్టేస్తారు, అటెండరు ఆ ఫైలుని చచ్చిన ఎలుకను తోకపట్టి ఎత్తినట్టు రెండు వేళ్లతో పట్టుకెళ్తాడు, అలవాటుపడ్డ ఆ చెయ్యే నిన్న తన గాల్‌బ్లాడర్ ఆపరేషన్ ఫైలునీ తిప్పింది, ఏడో పేజీ, గోరు, మడత, కట్టలోకి తోసెయ్యడం, ఎంత పథకం వేసుకుంది, ఆఫీసు మొత్తంలో ఏడో పేజీ చదివేది తనొక్కతే, తను మడవకపోతే చూసే నాథుడే లేడు, తాళాలు చేతిలో ఉన్న దొంగ తన ఇంటికే కన్నం వేసుకున్నట్టయింది.

ఇంకో పది మెట్లు, మొగుడు పోతూ పోతూ ఇచ్చిన ఆస్తి ఈ జబ్బొక్కటే, నాలుగేళ్లయింది, మాత్రలు విటమిన్ డబ్బాలో పోసుకుని మింగుతోంది, తెలిసిన రోజునైనా ఆ గోరు ఆగిందా, ఆగలేదు, ఇంకా గట్టిగా మడిచింది, తన మీద అనుమానం రాకూడదుగా, క్యాంటీన్లో టైపిస్టు అలాంటి ఫైలు ముట్టుకున్నాక చేతులు కడుక్కుందామే అంటే అందరికన్నా ముందు తనే నవ్వింది, పంపు దగ్గరికీ తనే ముందు నడిచింది.

వరండాలో బెంచీ మీద తాపీమేస్త్రి, వాడిపేరు అందరి నోళ్లలో గోడమేస్త్రి, మూడు వారాలుగా ఊతకర్రతో వస్తున్నాడు, ఇదిగో అమ్మా, మీరైనా చెప్పండి, గోడ కూలి కాలు విరిగింది, నా రక్తం వెళ్లి గోడని తోసిందా తల్లీ, అటెండరు కిసుక్కున నవ్వాడు, ఏమో మేస్త్రీ, తోసిందేమో, ఆమె మాత్రం తలొంచుకుని తలుపు తోసుకుని లోపలికి, ఆ ఫైలు మూలా తను మడిచిందే, మొదటిసారి ఒకటి, మళ్లీ అర్జీ పెట్టినప్పుడు ఇంకొకటి.

పెద్దసారు ముద్ర సిరాలో అద్దుతున్నారు, కట్టలో పైన మేస్త్రిది, దాని కింద తనది, రా అమ్మా, నీ ఫైలుకి మడత పడింది చూశావా, పొరపాటై ఉంటుంది, నీలాంటిదానికి అదేం ఖర్మ, సరిచేసుకో, మంజూరు ముద్ర కొట్టేస్తాను, దేవుడు వరమిచ్చినట్టే, ఆమె మూలను గోటితో వెనక్కి నొక్కింది, అరచేత్తో రుద్దింది, మూల పైకి లేచింది గానీ గీత పోలేదు, పక్కనే మేస్త్రి ఫైలు మీద రెండు గీతలు, అదే వంపు, అదే గోరు.

సార్, ఏడో పేజీ తెరవండి, ముందు మేస్త్రిది, తర్వాత నాది, అన్న గొంతు తనదేనా, ఎందుకమ్మా, నీదానికి ఇప్పుడు మడత లేదుగా, తెరవండి సార్, ఆయన విసుక్కుంటూ తిప్పారు, ఆ పేజీ ఎక్కడుంటుందో కూడా తెలియక అయిదు దగ్గరే ఆగి వెతికారు, రెండిట్లోనూ ఏడు చదివారు, కుర్చీ వెనక్కి జరిగింది, టీ గ్లాసు తనవైపు లాక్కున్నారు, రెండు వేళ్లతో ఆమె ఫైలు అంచు పట్టుకున్నారు, ఆమెకు కోపం రావాలి, రాలేదు, ఆ వెతుకులాటే కళ్ల ముందు నిలిచిపోయింది, పాపం ఈయన పదకొండేళ్లలో ఏ ఒక్కరిదీ చదవలేదు, ఆ మనుషులందరినీ పేరుపేరునా చదివి, తెలిసి, కాదన్నది తనొక్కతే.