చిన్న ఫైళ్ల పరీక్ష

ఏప్రిల్ ఆఖరుకి పరీక్షలైపోయి కాలేజీ ఖాళీ అయింది. నూజివీడు ఊరి బయట మామిడి తోటల మధ్య ఉన్న ఇంజనీరింగ్ కాలేజీ అది. హాస్టల్ పిల్లలు పెట్టెలు సర్దుకుని వెళ్లిపోయాక ఆ మూడంతస్తుల భవనంలో ఇద్దరే మిగిలారు. వాచ్‌మన్ సవరయ్య గేటు దగ్గర ఉంటాడు. కంప్యూటర్ ల్యాబ్ టెక్నీషియన్ రాయప్ప రెండో అంతస్తులో ఉంటాడు. పొద్దున గేటు దగ్గర "ఏంటండీ, మీకు సెలవుల్లేవా?" అని సవరయ్య అడగడం, "ఎక్కడికెళ్లాలి సవరయ్యా" అని రాయప్ప అనడం, రోజు మొత్తానికి మాటలంటే అవే.

రాయప్పకి నలభై ఎనిమిదేళ్లు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్లు కూడా ఇప్పుడు లేరు. పన్నెండేళ్లుగా ఆయనకున్న ఇష్టమైన పని ఒకటే, అది ఆ ల్యాబ్‌లోనే పనిచేసే అభిరామ్‌తో కలిసి మొదలుపెట్టింది. కంప్యూటర్లో మనకి కనిపించే ప్రోగ్రాములన్నిటికీ అడుగున కెర్నల్ అని ఒకటుంటుంది. ప్రాసెసర్ ఎవరికి ఎంతసేపు, మెమరీ ఎవరికి ఎంత, డిస్కు దగ్గర ఎవరి వంతు అని తేల్చేది అదే. లినక్స్ కెర్నల్ రెండు మూడు నెలలకోసారి కొత్తది వస్తుంది. కొత్తది పాతదానికన్నా నిజంగా నయమా కాదా అన్నది వాళ్లిద్దరి ప్రశ్న. ఒక పాత సర్వర్‌ని పక్కన పెట్టుకుని, ముఖ్యమైన కెర్నల్ వచ్చినప్పుడల్లా దానిమీద నాలుగు రకాల పనులు చేయించేవాళ్లు. వేలకొద్దీ చిన్న ఫైళ్లు చదివించడం, నెట్‌వర్క్ మీద ఊపిరాడకుండా రిక్వెస్టులు పంపడం, పెద్ద ప్రోగ్రాము ఒకటి కంపైల్ చేయించడం, వందల పనులు ఒకేసారి నెత్తిన వేయడం. ఈ చివరిదాన్ని అభిరామ్ పెళ్లిభోజనాల టెస్ట్ అనేవాడు. ఒక్కొక్కటీ ఐదుసార్లు నడిపి, మధ్యలో వచ్చిన అంకె తీసుకుని, చిన్న వెబ్ పేజీలో పట్టికగా పెట్టేవాళ్లు. కింద ఇద్దరి పేర్లూ ఉండేవి.

పోయిన ఆగస్టులో గుండెపోటు వచ్చి అభిరామ్ చనిపోయాడు. నలభై ఒక్కేళ్లు. ఆ తర్వాత మూడు కెర్నళ్లు వచ్చాయి. రాయప్ప సర్వర్ జోలికి పోలేదు.

కాలేజీ ఖాళీ అయిన రెండో రోజు, ఏమీ తోచక, సర్వర్ మీద దుమ్ము తుడిచి ఆన్ చేసి, అన్నిటికన్నా కొత్త కెర్నల్ పెట్టాడు. ఈ పరీక్షలన్నీ వరసగా చేయించే ఆదేశాల ఫైలు, స్క్రిప్టు, నడిపేది ఎప్పుడూ అభిరామే, తన లాగిన్‌తో. ఆ పాస్‌వర్డ్ రాయప్పకి తెలియదు. అందుకని అడ్మిన్ లాగిన్‌తో నడిపాడు. మూడు పరీక్షలు ఎప్పటిలాగే వచ్చాయి. చిన్న ఫైళ్ల పరీక్ష మాత్రం, పదకొండు సెకన్లలో అయ్యేది, నలభై మూడు తీసుకుంది. మళ్లీ నడిపాడు. నలభై మూడే.

కొత్త కెర్నల్లో పెద్ద తప్పు దొరికిందనుకున్నాడు. ఎవరికైనా చెప్పకపోతే లాభం లేదన్నంత ఉత్సాహం వచ్చింది. మెట్లు దిగి గేటు దాకా వెళ్లాడు.

"సవరయ్యా, నాలుగు రెట్లు నెమ్మదించింది!"

"ఏంటండీ, కరెంటా?"

"కాదులే" అని మళ్లీ మెట్లెక్కాడు.

మర్నాడు పోల్చి చూద్దామని రెండేళ్ల కిందటి కెర్నల్ పెట్టి నడిపాడు. అదీ నలభైకి పైనే. ఇంకా పాతది పెట్టాడు. అదీ అంతే. తప్పు కెర్నల్‌ది కాదని అప్పుడు తెలిసింది. స్క్రిప్టు తెరిచి ఒక్కో వాక్యం చదువుతూ వెళ్లాడు. ఒకసారి చదివిన ఫైళ్లు మెమరీలో మిగిలిపోతాయి, రెండోసారి అడిగితే డిస్కు దాకా వెళ్లకుండానే వచ్చేస్తాయి. అందుకని ప్రతి పరుగుకీ ముందు ఆ మెమరీని ఖాళీ చేయాలి. ఆ ఆదేశం స్క్రిప్టులో ఉంది. కానీ అడ్మిన్ లాగిన్‌తో ఇస్తేనే అది పనిచేస్తుంది. అభిరామ్ మామూలు లాగిన్‌తో నడిపినన్నాళ్లూ అది ఒక్కసారి కూడా పనిచేయలేదు. పనిచేయలేదన్న సందేశం తెరమీద రాకుండా వాక్యం చివర అడ్డు పెట్టి ఉంది. ఆ మార్పు చేసిన తేదీ 2019 జూన్.

ఆ జూన్ రాయప్పకి బాగా గుర్తుంది. అభిరామ్ అడ్మిన్ లాగిన్‌లో ఉండి పొరపాటున ఒక ఫోల్డర్ మొత్తం చెరిపేశాడు. "ఇక మీదట మామూలు లాగిన్‌తోనే నడుపు" అన్నది రాయప్పే. ఆ నెలలోనే పాత డిస్కు తీసేసి కొత్త ఎస్‌ఎస్‌డీ వేశారు. చిన్న ఫైళ్ల అంకె ఒక్కసారిగా బాగుపడితే ఆ గొప్పంతా కొత్త డిస్కుదే అనుకున్నారు. అంటే అప్పటినుంచి పట్టికలో చిన్న ఫైళ్ల వరసలో రాసినవన్నీ డిస్కు సంగతి కాదు, మెమరీ సంగతి.

పేజీలో సరిదిద్దడం పది నిమిషాల పని. నాలుగు రోజులు చేయలేకపోయాడు. మాట్లాడలేని మనిషితో తగువు పెట్టుకున్నట్టు అనిపించింది. ఐదో రోజు చిన్నరసం మామిడిపళ్లు ఒక సంచిలో వేసుకుని అభిరామ్ వాళ్ల ఊరు మైలవరానికి బస్సెక్కాడు.

అభిరామ్ భార్య మాధురి ప్రైవేటు స్కూల్లో టీచరు. పిల్లల్లేరు. తలుపు తీసి, "రండి అన్నయ్యగారూ" అంది. మంచినీళ్లు తెచ్చిచ్చింది.

"ఒక మాట చెప్పాలని వచ్చానమ్మా. మా పట్టికలో తప్పొకటి బయటపడింది. అభిరామ్ రాసిన చోట. సరిదిద్ది, తప్పు జరిగిందని పేజీలో రాయాలి. నీకు చెప్పకుండా రాయబుద్ధి కాలేదు."

"ఆయన పేరు తీసేస్తారా?"

"ఎందుకు తీస్తానమ్మా? అందులో నా తప్పు కూడా ఉంది. ఆ లాగిన్ మార్చమన్నది నేనే."

ఆమె కిటికీ వైపు తిరిగింది. "తొమ్మిది నెలలైందండీ. పెద్దకర్మ రోజు చూశాను మిమ్మల్ని. మళ్లీ ఇవాళే. అది కూడా తప్పు దొరికిందని వచ్చారు."

రాయప్ప తలెత్తలేకపోయాడు. రెండుసార్లు బస్టాండు దాకా వచ్చి తిరిగిపోయిన సంగతి చెప్పాలనుకున్నాడు. చెప్తే సాకులా ఉంటుందనిపించింది.

"ఏం మాట్లాడాలో తెలీలేదమ్మా."

"ఏమీ మాట్లాడక్కర్లేదు, వచ్చి కూర్చుంటే చాలు. నా దగ్గర ఆయన మాటెత్తకూడదని అందరూ జాగ్రత్తపడుతున్నారు. మా అక్క కూడా. ఆయన పేరు ఈ ఇంట్లో వినపడి ఎన్నాళ్లయిందో." కొంగుతో మొహం తుడుచుకుని ఇటు తిరిగింది. "అసలు మీరిద్దరూ చేసేదేంటి? పన్నెండేళ్లు విన్నాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇప్పుడు చెప్పండి."

ఈ సంగతి ఇంతవరకు ఎవరూ ఆయన్ని అడగలేదు. మొదట తడబడ్డాడు. తర్వాత కెర్నల్ అంటే ఏంటో, ఒక పనిలో చురుగ్గా ఉన్నది ఇంకో పనిలో ఎందుకు చతికిలబడుతుందో, నాలుగు రకాలుగా ఎందుకు చూస్తారో చెప్పుకుంటూ పోయాడు. పెళ్లిభోజనాల టెస్ట్ దగ్గర ఆమె నవ్వింది. స్క్రిప్టు దాకా వచ్చేసరికి ఆమే అందుకుంది.

"అంటే చెయ్యమని చెప్పి, అయిందో లేదో చూసుకోలేదు. అంతేగా? ఇంట్లో కూడా అంతేనండీ. గ్యాస్ బుక్ చేసేశానంటారు. వారం తర్వాత చూస్తే అసలు బుక్కే అయ్యుండదు."

రాయప్ప కూడా నవ్వాడు. ఆగస్టు తర్వాత నవ్వడం అదే మొదలని తిరుగు బస్సులో గుర్తొచ్చింది.

మే నెలంతా పాత కెర్నళ్లు ఒక్కొక్కటే తిరిగి నడిపాడు. ఇరవై ఆరు కెర్నళ్లు, ఒక్కోటి ఐదుసార్లు. మధ్యాహ్నాలు కరెంటు పోయేది. పరుగు మధ్యలో పోతే మళ్లీ మొదటినుంచి. కిటికీ అవతల తోటలో కాయ దింపేవాళ్ల కేకలు వినపడేవి. ఒక సాయంత్రం గాలివాన వచ్చి చెట్టుకింద నేల కనపడనంత కాయ రాలింది. రెండు రోజులు కూలీలు గంపలతో ఏరారు. పైనుంచి చూస్తుంటే వాళ్లలో ఒకామె చెయ్యి ఊపింది. ఆయన వెనకున్న ఎవరికో అనుకుని వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు. మళ్లీ ఇటు తిరిగేసరికి ఆమె పనిలో పడిపోయింది.

కొత్త పట్టికలో కొన్ని తారుమారయ్యాయి. ఏళ్ల తరబడి మేలైనదని వాళ్లు రాసిన కెర్నల్ ఒకటి చిన్న ఫైళ్ల దగ్గర అన్నిటికన్నా వెనకపడింది. పట్టిక పైన నాలుగు వాక్యాలు రాశాడు: 2019 జూన్ నుంచి ఈ పరీక్ష తప్పుగా నడిచింది, కారణం ఇది, మా ఇద్దరి పొరపాటు, కొత్త అంకెలు ఇవి.

వారం దాకా ఏ చప్పుడూ లేదు. ఆ తర్వాత ఒకే ఒక్క మెయిల్ వచ్చింది. పూణే నుంచి ఎవరో. మీ పట్టిక చూసే మా సర్వర్లకి కెర్నల్ ఎంచుకున్నాం, ఇప్పుడు మళ్లీ చూసుకుంటాం, నిజాయితీగా చెప్పినందుకు కృతజ్ఞతలు అని రాశాడు. చివర్లో ఇంకో వాక్యం. 'అభిరామ్ గారు ఎలా ఉన్నారు? ఒకప్పుడు నా ప్రశ్నలకి చాలా ఓపిగ్గా జవాబులిచ్చేవారు.'

పేజీలో ఎక్కడా అభిరామ్ పోయిన సంగతి రాయలేదని రాయప్పకి అప్పుడు తట్టింది. జవాబు రాయడానికి పొద్దంతా పట్టింది.

ఆ ఆదివారం మళ్లీ మైలవరం వెళ్లాడు. ఇంటికి తాళం వేసి ఉంది. గడప ముందు అరగంట కూర్చుని తిరిగి ల్యాబ్‌కి వచ్చేశాడు. దీపాలు పెట్టే వేళకి తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది.

"వచ్చి వెళ్లారట, పక్కింటావిడ చెప్పింది. స్కూలు ట్రైనింగుకి వెళ్లానండీ. ఫోన్ చేసి రావచ్చుగా అన్నయ్యగారూ?"

"నీ నంబరు నా దగ్గర లేదమ్మా."

"మీ నంబరు ఆయన ఫోన్లో చూసి చేశాను. ఇది నా నంబరు, దాచుకోండి."

"అలాగేనమ్మా. పూణే నుంచి ఒకాయన రాశాడు. అభిరామ్ ఎలా ఉన్నాడని అడిగాడు."

"మీరేం రాశారు?"

"జరిగిందే రాశాను. ఎలాంటివాడో కూడా నాలుగు ముక్కలు రాశాను."

"చదవండి."

"ఇంగ్లీషులో ఉందమ్మా."

"అయితే ఏంటి, చదవండి."

రాయప్ప కళ్లజోడు పెట్టుకుని, ఫోను చెవి దగ్గరే పట్టుకుని, కంప్యూటర్ ముందు నిలబడే చదవడం మొదలుపెట్టాడు.