రెండో వైపు

నేను ఒక స్కానింగ్ ప్రోబ్‌ని, డాక్టరు చేత్తో పట్టుకుని ఒంటి మీద ఆనించి తిప్పే పరికరాన్ని. పుట్టింది జపాన్‌లో. హైదరాబాదులో ఓ పెద్ద ఆసుపత్రి వాడి వాడి వదిలేస్తే, కోనసీమలో ఓ చిన్న సెంటర్‌కి సెకండ్ హ్యాండ్‌లో వచ్చిపడ్డాను. ఒంట్లో ఏముందో చూపించడం నా పని, చూడటం మనుషుల పని. ఆ పని వాళ్లకి చేతకాదని చెప్పడానికి నాకేం మొహమాటం లేదు.

త్రిమూర్తులు కొబ్బరికాయలు ఒలిచేవాడు. పెళ్లై ఏడాది. ఎడమ వృషణంలో గట్టిగా గడ్డ తగిలిందని వచ్చాడు. వెంట బావమరిది సూరిబాబు. ఇక్కడ రోగి ఒంటరిగా లోపలికి రావడమంటూ ఉండదు, జవాబులు కూడా పక్కవాళ్లవే.

“చిన్నప్పుడేమైనా జబ్బు చేసిందా?” అన్నాడు స్కానింగ్ డాక్టరు.

“అబ్బే, మా బావ ఉక్కుముక్కండి!” అన్నాడు సూరిబాబు.

చిన్నతనంలో గవదబిళ్లలొచ్చి కుడివైపుది ఎండిపోయిందని త్రిమూర్తులుకి తెలుసు. పెళ్లాం తమ్ముడి ముందు ఆ మాట ఎలా అంటాడు? నోరు కుట్టేసుకున్నాడు.

డాక్టరు ఫోనులో ఎవరితోనో ఇకిలిస్తూ నన్ను ఎడమవైపే తిప్పాడు. గడ్డలో ఉల్లిపొరల్లాంటి వలయాలు తేటగా చూపించాను. క్యాన్సర్‌లా కనిపించే అరుదైన తిత్తి అది. గడ్డ మటుకు తీసి, అక్కడికక్కడే పరీక్ష చేయిస్తే మిగతాది దక్కేది. ఆయన “క్యాన్సరే” అన్నాడు. రెండోవైపు నన్ను ఆనించకుండానే “కుడివైపు మామూలే” అని రాసిపారేశాడు. పట్నం సర్జన్ దగ్గరా జవాబులు సూరిబాబువే; ఆ సర్జనూ రిపోర్టులో ముక్కే నమ్మాడు, తన చేత్తో తడిమి చూసుకోలేదు. ఎడమవైపుది మొత్తం తీసేశాడు.

తీసినదాన్ని పరీక్షిస్తే క్యాన్సర్ కాదని తేలింది. సూరిబాబు సెంటర్లో అందరికీ పూతరేకులు పంచాడు.

“గండం గడిచిందండి, ఆయ్!”

“అదృష్టవంతుడివయ్యా,” అని డాక్టరు ఒకటి నోట్లో వేసుకున్నాడు.

త్రిమూర్తులు ముట్టుకోలేదు. బావమరిదిని బయటికి పంపి, తలుపేసి, బల్ల మీద పడుకున్నాడు.

“రెండోది ఇప్పుడైనా చూడండి డాక్టరు గారూ.”

చూశాడు. ఎండు కుంకుడుకాయంత ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది.

“నాకింక పిల్లలు పుడతారాండీ?”

డాక్టరు మూతికంటిన పూతరేకు పొడి తుడుచుకుని, నన్ను కొక్కేనికి తగిలించేశాడు.

ఇప్పుడు నేను పాత ఇనుప సామాన్ల కొట్టులో, తుప్పు మంచాల కింద పడున్నాను. తెర మీద నల్లచారలు పడుతున్నాయని, చూపు పోయిందని నన్ను బయట పారేశారు. ఆ డాక్టరు మాత్రం ఇంకా అదే కుర్చీలో ఉన్నాడు.