ఎలుగుబంటి గొంతు

ఒక రకం కంప్యూటర్లో నడిచే ప్రోగ్రాముల్ని ఇంకో రకం కంప్యూటర్లో నడిచేలా మార్చడం మా ఆయన పని. తొమ్మిదితో చదువు ఆగిపోయినదాన్ని, నాకేం అర్థమవుతుంది? అయినా అన్నం కలుపుకుంటూ, నన్ను టీచరమ్మా అని ఆటపట్టిస్తూ చెప్పేవారు.

"లింకంటే ఫైలు కాదు టీచరమ్మా, ఫైలు ఎక్కడుందో రాసిన చీటీ. ఇల్లు మారేటప్పుడు చీటీ ఒక్కటే పట్టుకెళ్తే కొత్తింట్లో ఏముంటుంది?"

"చీటీ ఉంటుంది."

పొలమారేలా నవ్వేవారు.

పాప కోసం, ఆఫీసువాళ్ళు ఇంటికిచ్చిన కంప్యూటర్లో ఓ ఆట చేశారు. తెర మీది ఎలుగుబంటిని నొక్కితే ఆయన గొంతు పలికేది: "ఎవరక్కడ?"

"నేనే!" అని పాప గెంతేది.

"నేనే అంటే?"

"పిచ్చుకని!"

ఆయన గుండె ఆగిపోయాక కూడా ఎలుగుబంటి పిలవడం మానలేదు. ఫోటోలకైతే నిలబడేవారు గానీ, వీడియో అంటే పారిపోయేవారు. ఇంట్లో ఆయన గొంతు మిగిలింది అందులోనే. నేను తలుపు చాటునుంచి వినేదాన్ని.

ఆఫీసువాళ్ళు కంప్యూటర్ తిరిగిచ్చేయమన్నారు. మరిది తన కంప్యూటర్ తెచ్చి ఆటను అందులోకి ఎక్కించాడు. అది వేరే రకం.

"గొంతు వచ్చిందా?"

"వచ్చింది వదినా. ఫైళ్ళ పేర్లన్నీ సరిచూశాను."

"ఒక్కసారి వినిపించవూ."

"ఇక్కడ ఆడాలంటే ఇంకో ప్రోగ్రాము వేయాలి. సాయంత్రం వేస్తాను. ఆఫీసు మనిషి కింద ఎదురుచూస్తున్నాడు. మీకన్నీ కంగారే!"

సాయంత్రం ఎలుగుబంటి తెర మీదికొచ్చింది. నొక్కితే పలకలేదు.

మరిది గొంతు ఫైలు తెరిచాడు. లోపల ఒక్క వరుస అక్షరాలు, అంతే. అసలు రికార్డింగులు ఆయన ఆ ఆఫీసు కంప్యూటర్లోనే వేరే చోట దాచి, ఆటలో లింకులు పెట్టారట.

"చీటీ," అన్నాను.

మరిది నా మొహం చూడలేదు. ఆఫీసుకి ఫోన్ చేశాడు.

"రాగానే మొత్తం తుడిచేశామండీ. ఎవరిదైనా అంతే."

ఫోన్ పెట్టేసి ఆ ఫైలు మూసేశాడు. తిట్టడానికి నాకు నోరు రాలేదు. పోయినాయన వాడికి అన్న కూడానూ.

ఇంతలో పాప వచ్చి ఎలుగుబంటిని నొక్కింది. కాసేపు చూసింది. నాన్నకే వినబడలేదనుకుందేమో, తెరకి నోరు ఆనించి అరిచింది.

"నేనే నాన్నా! పిచ్చుకని!"