దిండు మీద పేలు

మా అత్తగారి తలలో పేలంటే నాకు ఒళ్ళు మంట. ఆవిడ మంచం పట్టినప్పటి నుంచి పేలదువ్వెనతో వాటి మీద యుద్ధమే చేస్తున్నాను.

"పోనీలేవే, నా నెత్తురేగా తాగుతున్నాయి," అనేవారు.

"మరి మీకు మిగలొద్దూ?" అని కసిరేదాన్ని.

ఈ మధ్యాహ్నం దువ్వెన పెట్టకుండానే పేలు బిలబిలమంటూ దిండు మీదికి దిగొచ్చాయి. పేనుకు వెచ్చని నెత్తురు కావాలి. ఒళ్ళు చల్లబడితే మకాం ఎత్తేస్తుంది. నుదురు తాకాను. చల్లగా తగిలింది.

"అత్తయ్యా!" అన్నాను. పలకలేదు.

పేలను ఒక్కొక్కటే ఏరి, మళ్ళీ ఆవిడ జుట్టులోనే వదిలాను.

"ఎక్కడికర్రా పోతున్నారు? ఇన్నాళ్ళూ ఆవిడ నెత్తురే కదా తాగారు!"