అవ్వ తాగిన కషాయం

చెట్టు పేరు చెప్పను. చెప్తే తెల్లారేసరికి ఆదిలాబాద్ అడవుల్లో దాని మీద బెరడు మిగలదు. మా వాళ్లను చూశాకే ఈ మాట అంటున్నాను.

కరీంనగర్‌లో నా పరిశోధన ఆ బెరడు మీదే. క్యాన్సర్ గడ్డ పెరగాలంటే దానికి కొత్త రక్తనాళాలు కావాలి. అవి మొలవకుండా ఆపే పదార్థమేదో ఆ బెరడులో ఉంది. పొదిగే కోడిగుడ్ల మీద పరీక్షిస్తున్నాను. మనుషుల దాకా రావడానికి ఇంకా చాలా దూరం ఉంది. మా నాన్నకు, అదే బాపుకు, ఫోన్లో ఇదంతా చెప్పాను. చివరి మాట తప్ప అన్నీ విన్నాడు.

బెల్లంపల్లిలో మా అవ్వకు, నన్ను కన్న సాయవ్వకు, రొమ్ములో క్యాన్సర్ గడ్డ తీసేశారు. గాయం మానితేనే తర్వాతి మందు ఎక్కిస్తామంది డాక్టరమ్మ. నెల దాటినా మానలేదు. సెలవు పెట్టి వెళ్లి కట్టు విప్పి చూస్తే గాయం పాలిపోయి, నోరు తెరుచుకునే ఉంది. అప్పుడే వంటింట్లోంచి మా ల్యాబ్ వాసన వచ్చింది.

పొయ్యి మీద గిన్నెలో నా బెరడు కాగుతోంది.

"బాపూ, గిదేంది?"

"నువ్వు కనుక్కున్న మందే గదనే! గిది దేవుడు చేసిన మేలని చర్చిల అందరి ముంగట సాక్ష్యం చెప్పిన. అందరు చప్పట్లు కొట్టిండ్రు. పక్కింటి హనుమండ్లు అడవికి పోయి సంచెడు తెచ్చిండు."

"గడ్డకు నాళాలు రానియ్యనిది గాయానికి రానిస్తదా? కొత్త తోలు రావాలన్నా నెత్తురు అందాలె గద!"

"ప్రార్థన చేసుకొని తాగుతున్న బిడ్డా," అంది అవ్వ. "దేవుని ముంగట చెప్పినంక ఎట్ల ఆపుత?"

నాకు ఒళ్లు మండింది. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే వెంటనే ఆపమంది. అవ్వ తలూపింది కానీ గిన్నె దించలేదు. అరిస్తే వినే మనిషి కాదు.

అవ్వకు కోళ్లంటే ప్రాణం. పొదిగే కోడి కిందనుంచి గుడ్డు తీసి సెల్‌ఫోన్ లైటుకు అడ్డం పెట్టి చూస్తుంది. లోపల ఎర్ర దారాలు కనిపిస్తే పిల్ల ఉన్నట్టు. నేనొచ్చేదాకా కషాయం ముట్టనని మాట తీసుకుని, ఆ గుడ్లు కొన్ని, ఆ కషాయం ఒక సీసా పట్టుకుని కరీంనగర్ వెళ్లాను. పెంకు మీద చిన్న కిటికీలు కోసి, కొన్నింటిలో నీటి చుక్క, కొన్నింటిలో కషాయం చుక్క వేశాను. రెండు రోజులు వెచ్చగా పొదగనిచ్చి, వాటిని డబ్బాలో సర్ది, ఒడిలో పెట్టుకుని బస్సెక్కాను. గుంత వచ్చినప్పుడల్లా డ్రైవర్‌ను తిట్టుకున్నాను.

ఇంట్లో డబ్బా తెరిస్తే అవ్వ వంగి చూసింది. నీటి చుక్క వేసిన గుడ్డులో ఎర్ర దారాలు అల్లుకుపోయాయి. రెండోదాంట్లో చుక్క పడ్డ చోటంతా ఖాళీ.

"గిది నా గిన్నెల కషాయమేనా?"

"నీ గిన్నెలదే. గుడ్డు, మనిషి ఒకటి గాదవ్వా. గనీ నాకు భయమైతున్నది."

అవ్వ కట్టు మీద చేయి పెట్టుకుని లేచింది. గిన్నె పట్టుకెళ్లి పెరట్లో వంపేసింది.

"మరి సాక్ష్యం?" అన్నాడు బాపు. "అందరి ముంగట నా ఇజ్జత్ పోదా?"

ఆదివారం చర్చిలో అవ్వే లేచి నిలబడింది.

"నా బిడ్డ మందు కనుక్కోలే. దాని కోసం ఇంక దేవులాడుతున్నది. గాయం మానాలని నేను కషాయం ఆపిన. మీ ఇండ్లల్ల గూడ ఎవ్వలు తాగకుండ్రి. గా మందు దొరికేదాక నేను బతకాలె. గందుకు ప్రార్థన చేయుండ్రి."

అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది బాపే.