పడవల మీది మాట

"మనమే!" అంటూ ఫీఫీ గుమ్మంలోంచే అరిచాడు.

నేను అరటిపండు ముక్కలు వేయిస్తున్నాను. ఉలిక్కిపడి ఒక ముక్క జారవిడిస్తే నూనె చిటపటమని చేతిమీద పడింది. అయినా నవ్వొచ్చింది. పెళ్లయిన దగ్గర్నుంచీ నాకు కాలినా నవ్వే, తుమ్మినా నవ్వే.

"ఈసారి మాట చెప్పేది మనమే, ఆరాబా! ఈ ఏడాదికి ఆఖరి పెళ్లి మనదేనట. పాస్టరుగారు ఇప్పుడే చెప్పారు."

మా జాలరిపేటలో కొత్త ఏడాదికి ఎవరూ ఒట్లు పెట్టుకోరు. మందు మానేస్తాను, పొద్దున్నే లేస్తాను అంటే పగలబడి నవ్వుతారు. అందరికీ కలిపి ఒకటే మాట. ఏడాదిలో ఆఖరున పెళ్లయిన జంట కొత్త ఏడాది మొదటి రోజు చర్చిలో నిలబడి దాన్ని చెప్తుంది. అదే రోజు రేవులో పడవలన్నిటి మీదా పాత మాట గోకేసి కొత్తది రాస్తారు. ఇక ఏడాది పొడుగునా ఎవరు ఎదురైనా ఆ మాటతోనే పలకరింపు, ఆ మాటే జవాబు. ఈ ఏడాది మాట "దయ". చేపల బుట్ట తగిలించి పోయే ఆడమనిషి కూడా "దయ!" అనే పోతుంది, తిట్టడానికి వీల్లేకుండా.

ఆ సాయంత్రం పళ్లెం మధ్యలో పెట్టుకుని మాటలు వెతికాం.

"నవ్వు," అన్నాను.

"ముసలాళ్లు ఒప్పుకోరు. పళ్లు లేవు కదా."

"మీ అమ్మగారు 'చంటిబిడ్డ' పెట్టమన్నారు."

"పెట్టు. ఏడాదంతా ఊరు ఊరంతా నిన్ను చూసి చంటిబిడ్డా అని అరుస్తుంది."

చివరికి "నెమ్మది" కుదిరింది. ఫీఫీ దాన్ని నా వీపు మీద వేలితో రాశాడు. నేను మళ్లీ రాయమన్నాను.

మర్నాడు మాన్సా చిన్నత్త వచ్చింది. ఫీఫీ వాళ్లమ్మకి చెల్లెలు. పొగబెట్టిన చేపలు గుడ్డలో మూటగట్టి తెచ్చింది.

"దయ!" అంది.

"దయ!" అన్నాం.

కూర్చోలేదు. "మాట మార్చకండిరా," అంది.

ఆమె కొడుకు ఎబో నవంబరులో చిన్న పడవ మీద ఒక్కడే వేటకి వెళ్లాడు. తిరిగి రాలేదు. పెద్ద పడవలవాళ్లు చాలా దూరం వెతికి వచ్చారు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు.

"వాడి పడవ మీద దయ అని ఉంది," అంది చిన్నత్త. "ఇప్పుడు రేవులో అన్నిటి మీదా అదే ఉంది కాబట్టి వాడిదీ వాటిల్లో ఒకటి. రేపు మీరు కొత్త మాట చెప్పారనుకో, ఇక ఆ పాత మాట ఉన్న పడవ అదొక్కటే. వాణ్ని పోయినేడాదిలో వదిలేసి మనం ముందుకి వచ్చేసినట్టు కాదూ?"

ఫీఫీ నా వైపు చూశాడు. నేను చేపల మూట వైపు చూశాను.

"నేనేం పెద్ద కోరిక కోరలేదు అమ్మాయ్. ఉన్నదాన్నే ఉంచమన్నాను."

వెంటనే ఇద్దరం రేవుకి పరిగెత్తాం. ఇసుక మీద రంగు డబ్బాలు అప్పుడే వరుసగా పెట్టి ఉన్నాయి. ఈసారి కొత్త ఏడాది మంగళవారమే పడింది. మంగళవారం మా దగ్గర సముద్రానికి సెలవు, ఎలాగూ ఎవరూ వల వెయ్యరు, రంగుకి భలే వీలని అందరూ హుషారుగా ఉన్నారు. పాస్టరుగారు పడవల పెద్దతో మాట్లాడుతున్నారు. మాట చెప్పేది మేమే అయినా, వాళ్లిద్దరూ సరే అనకపోతే అది పడవ ఎక్కదు.

పెద్దాయన మేం చెప్పేది పూర్తిగా వినలేదు. "దయ దయ అని ఏడాదంతా గొంతు చించుకున్నాం. వల్లో పడిందేంటి? ప్లాస్టిక్ సంచులు! మళ్లీ అదే రాయమంటే కుర్రాళ్లు నన్నే సముద్రంలో తోస్తారు. ఇప్పటిదాకా ఒక మాట రెండోసారి చెప్పిన జంట లేదు. ఇంకేదైనా అడుగు, కొత్త పెళ్లికూతురా."

పాస్టరుగారు మాత్రం విన్నారు. చాలాసేపు విన్నారు.

"ఇంకొక్క ఏడాది ఉంచండి, చాలు," అన్నాను.

"ఉంచామే అనుకో. ఆ ఏడాది కూడా అయిపోయాక ఏం చేస్తాం, తల్లీ?"

కాలేజీలో వాదనల పోటీలో బహుమతులు తెచ్చుకున్నదాన్ని, ఇసుకలో బొటనవేలితో గీతలు గీస్తూ నిలబడ్డాను. ఫీఫీ నా చెయ్యి పట్టుకున్నాడు. అప్పుడు కూడా ఆ చెయ్యి ఎంతో హాయిగా అనిపించింది. అందుకు సిగ్గేసింది.

చెప్పకుండా ఉండలేం కదా. తిరిగి వస్తూ చిన్నత్త ఇంటికే వెళ్లాం. ఈ రోజుల్లో ఎడారి వైపు నుంచి వీచే ఎండుగాలి తెచ్చిన దుమ్ముని ఆమె వాకిట్లో ఊడుస్తోంది. మా మొహాలు చూసి చీపురు గోడకి ఆనించింది.

"ఒప్పుకోలేదు కదూ."

"లేదు పిన్నీ," అన్నాడు ఫీఫీ.

"మీ మాటేంటి మరి?"

ముందురోజు అంత ముద్దుగా ఉన్న మాట ఇప్పుడు నాలుక మీద రాయిలా ఉంది. "నెమ్మది, చిన్నత్తా."

ఆమె దాన్ని లోలోపలే ఒకసారి అనుకుంది. పెదాలు మాత్రం కదిలాయి.

"మంచి మాటే. చిన్నది. చిన్న పడవ మీద కూడా సరిపోతుంది," అంది.

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. కొంగుతో నా మొహం తుడిచి, "కొత్త కోడలివి, ఏడాది చివర్రోజు ఏడవకూడదు, మీ అత్త నన్నంటుంది," అని గదమాయించింది.

మేం బయల్దేరుతుంటే ఆపింది.

"రేపు చర్చి అవగానే ఇద్దరూ ఇక్కడికే రండి. పులిసిన మొక్కజొన్న పిండితో కెంకీ ఉడకబెట్టి మిరపకాయ నూరి ఉంచుతాను. మీరు కొత్త మాటతోనే పలకరించండి. నేను మాత్రం పాతదే జవాబు చెప్తాను, ఏమీ అనుకోకండి."

"వస్తాం పిన్నీ," అన్నాడు ఫీఫీ. "కొత్త మాట రాసిన రంగు చేతులకి అంటితే రేవులోనే కడుక్కుని వస్తాం."